ఏసోబు పడుకున్న చోటు

తిరువూరులో బెజవాడ రోడ్డు మీద జానీబాషా గ్యారేజీ ఉండేది. రోజూ పొద్దున్నే హన్నమ్మ వచ్చి ముందు నట్లూ బోల్టులూ ఏరేది, ఆయిలు మరకల మీద రంపంపొట్టు చల్లేది, ఆ తర్వాత ఏసోబు నీడ చుట్టూ ఊడ్చేది. నీడ మీద మాత్రం చీపురు పడనిచ్చేది కాదు.

ఏసోబు ఆమె మొగుడు. ఎనిమిదేళ్ళ కిందట లారీ కింద పడుకుని పని చేస్తుంటే, జాకీ జారి లారీ మీద పడింది. మనిషిని పాతిపెట్టారు గానీ నీడ అక్కడే ఉండిపోయింది, వెల్లకిలా, పానా అందుకోవడానికి కుడిచెయ్యి చాపుకుని. కొత్త డ్రైవరెవరైనా వస్తే, "ఇటు ఆపు, అక్కడ ఏసోబున్నాడు" అని చెప్పేవాళ్ళు. వాళ్ళూ సరేనని ఇటు ఆపుకునేవాళ్ళు.

అలా రోజులు వెళ్ళిపోతుంటే హన్నమ్మ ప్రాణానికి ఒక ఉత్తరం వచ్చి పడింది. కూతురు ప్రమీలారాణి బెజవాడ మిషన్ హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది. ఆ హాస్టల్లోనే ఆయా పని ఖాళీ అయిందట. తల్లీ కూతుళ్ళు ఒక్కచోట ఉండొచ్చు, శుక్రవారంలోగా వచ్చి చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని వార్డెనమ్మ రాసింది. అడుగున పిల్ల గుండ్రటి అక్షరాలతో, 'అమ్మా, నువ్వొస్తే బాగుంటుంది' అని రాసింది. ఇవాళ గురువారం. వెళ్దామంటే ఈయన్ని ఎవరికి అప్పజెప్పి వెళ్ళాలి? మానేద్దామంటే ఆ ఒక్క ముక్కా నిద్రపోనివ్వడం లేదు. అసలే అలిసిపోయి ఉంది మనిషి.

మధ్యాహ్నం డ్రైవర్ శౌరయ్య లారీలోంచి బ్యాటరీ దించుతూ చెయ్యి జార్చాడు. మూల పగిలి, ఆసిడ్ గచ్చు మీద పారి, తిన్నగా ఏసోబు దగ్గరికే పోయింది. పోదూ మరి! నిరుడు తుఫాను వెళ్ళాక బాషా గ్యారేజీ అంతా కొత్త గచ్చు చేయించాడు. ఏసోబు మీద సిమెంటు పొయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. తాపీమేస్త్రీ కూడా లెంపలు వేసుకున్నాడు. దాంతో చుట్టూ గచ్చు రెండంగుళాలు లేచింది, నీడ పల్లంలో పడిపోయింది. గౌరవం, గౌరవం అనుకుంటూ మనిషిని గుంటలో పెట్టారు.

"మనమే చేశాం హన్నమ్మా" అన్నాడు బాషా, తల పట్టుకుని.

ఆమె పాత ట్యూబు ముక్కలు కాళ్ళకి కట్టుకుంది, కుచ్చెళ్ళు పైకి దోపుకుంది, చాకలి సోడా డబ్బా అందుకుని అంచుల దగ్గర్నుంచి మధ్యకి చల్లుకుంటూ వెళ్ళింది. సోడా పడ్డ చోటల్లా ఆసిడ్ బుస్సుమని పొంగింది. ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఘాటుకో, దేనికో. పాడు బ్యాటరీ, పాడు గచ్చు, నా బతుకంతా ఈ ఊడవడంతోనే సరిపోయిందని సణుక్కుంటూ డబ్బా ఖాళీ చేసింది. నురగ అణిగాక ఆఖరి గుప్పెడు కూడా వేసి చూసింది. పొంగు లేదు. ఇక నీళ్ళు పోసి కడగడమే.

అక్కడే ఆమెకి చేతులాడలేదు. ఆసిడ్ పడ్డ చీర చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. ఉతికితేనే జల్లెడవుతుంది. ఆమె చీరలు నాలుగు అలాగే పోయాయి. నీడ కూడా ఇప్పుడు చూడ్డానికి బాగానే ఉంది. కడిగితేనో?

నేను పోస్తాలే అక్కా అన్నాడు శౌరయ్య. వద్దంది. వాకిట్లోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చేదాకా బకెట్టు ముందు అలా కూర్చునే ఉంది. చివరికి లేచి, ఎండ వీపు మీద కాస్తుండగా, పల్లం మీదికి వంగింది.

"ఏమయ్యా, నాకిక ఓపిక లేదు. పిల్ల దగ్గరికి పోవాలనుంది. నిన్నొదిలి పోలేను. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

అని నీళ్ళు పోసేసింది.

చిల్లులు పడలేదు. సోడాకి గ్రీజు మరక ఊడినట్టు నీడ అంచులు మెల్లగా ఊడాయి. హన్నమ్మ నీడ పొడుగ్గా వచ్చి ఆ నీళ్ళ మీదే పడి ఉంది. కాసేపు ఏది ఎవరిదో తెలియలేదు. ఆమె మడ్డి నీళ్ళన్నీ గుడ్డతో అద్ది బకెట్టులోకి పిండేసరికి పల్లంలో ఉత్త నేలే కనబడింది.

ఆమె కంగారుగా అటూ ఇటూ చూసింది. జానీబాషా మాత్రం పల్లాన్ని కాదు, ఆమె కాళ్ళ దగ్గర నేలని చూస్తున్నాడు. హన్నమ్మ కూడా తల దించి చూసుకుంది. తన నీడకి ఇంకో చెయ్యి ఉంది. ఎనిమిదేళ్ళుగా ఉత్తినే చాచి ఉన్న చెయ్యి, బకెట్టు నీడ పిడిని పట్టుకుని ఉంది.

ఆమె దోపుకున్న కుచ్చెళ్ళు కిందికి దించుకుంది.

"బెజవాడకి మొదటి బస్సు ఎన్నింటికి సాయిబుగారూ?" అంది హన్నమ్మ.

"ఐదున్నరకమ్మా."

ఆమె తలూపి, మడ్డి నీళ్ళు పారబొయ్యడానికి బకెట్టు ఎత్తింది. నిండు బకెట్టు. సగం బరువే తెలిసింది.