కామన్ మేడమ్

“ఎలాగూ లేచావు కదా, ఆ కిటికీ వేసెయ్” అన్నారు మా ఆయన, దుప్పటి మొహం మీదికి లాక్కుంటూ. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో నా పనులన్నీ ఈ “ఎలాగూ”తోనే మొదలవుతాయి. ఎలాగూ వంటింట్లోకి వెళ్తున్నావు కదా, మంచినీళ్ళు. ఎలాగూ బట్టలు ఉతుకుతున్నావు కదా, ఈ రెండూ వెయ్. ఎలాగూ బజారుకి వెళ్తున్నావు కదా, అమ్మ కళ్ళజోడు బాగుచేయించు. విడివిడిగా చూస్తే ఒక్కటీ పని కాదు. అడిగినవాళ్ళెవరికీ అడిగినట్టు గుర్తుండదు. కుదరదన్నానో, నేనే గయ్యాళిని.

కిటికీ వేసి, ఎడమ రొమ్ము పక్కన వేలితో నొక్కి చూసుకున్నాను. ఉంది. చిక్కుడు గింజంత, కదలకుండా, మొండిగా. డాక్టరమ్మ వెంటనే ముక్క తీసి పరీక్ష చేయించాలంది. వెంటనే అంటే మా ఇంట్లో అందరి పనులూ అయ్యాక అని. ఒకసారి పాప పరీక్షలు అడ్డొచ్చాయి, ఒకసారి ఆడపడుచు వచ్చింది, ఇంకోసారి ఆఫీసు. “ఏమీ ఉండదులే, నువ్వు ప్రతిదానికీ గాభరా పడతావు” అన్నారు ఆయన. “మా రోజుల్లో ఇవన్నీ పట్టించుకుంటే కాపురాలు సాగేవా?” అన్నారు అత్తయ్య. ఇవాళ మాత్రం సెలవు పెట్టేశాను. రాత్రి అన్నాల దగ్గర ఆయనకి చెప్పాను కూడా. “ఊఁ” అన్నారు.

ఆస్పత్రి వరండాలో కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. మా మేనేజర్.

“అమ్మా, కొంప మునిగింది. కామన్ పడిపోయింది.”

కామన్ అంటే ఏమిటో చెప్పాలి. మా కంపెనీలో ఐదు సర్వర్లు, ఒక్కో శాఖకీ ఒకటి. ఒకప్పుడు లాగిన్, బిల్లు, మెసేజ్ పంపడం, అన్నీ ఎవరికి వాళ్ళే రాసుకునేవారు. ఒకే తప్పుని ఐదు చోట్ల దిద్దలేక నా ప్రాణం పోయేది. అందుకని అందరికీ కావాల్సినవి ఒకచోటికి చేర్చి, సర్వర్లన్నీ దాన్నే అడిగి పని చేయించుకునేలా అడుగున ఒక పొర కట్టాను. మంచి పొరే. పైన ఇంకో పది సర్వర్లు పెట్టుకున్నా మోస్తుంది. ఇప్పటికీ నాకు దాన్ని చూస్తే గర్వమే. కానీ కట్టిన మర్నాటి నుంచే ప్రతి టీమూ వచ్చి, “ఎలాగూ కామన్ ఉంది కదా” అంటూ తన తలనొప్పి తెచ్చి అందులో పడేసి పోయేది. అందరిదీ కాబట్టి ఎవరూ చూడరు. ఎవరూ చూడరు కాబట్టి నేను చూడాలి. పేరు కూడా పెట్టారు నాకు, కామన్ మేడమ్ అని. ముద్దుగానేనట, చాల్లే సంబడం!

“అలారం మోగలేదా సార్?”

“మోగలేదమ్మా. కస్టమర్లు తిడితే తెలిసింది. సర్వర్లు ఐదూ బాగున్నట్టే కనిపిస్తున్నాయి, ఒక్కటీ పని చెయ్యట్లేదు.”

ఎలా మోగుతుంది? అలారం మెసేజ్ పంపాల్సింది కూడా కామనే. పడిపోయినవాడే లేచి “నేను పడిపోయాను” అని కేకెయ్యాలన్నమాట. అలారాన్ని కామన్‌కి బయట పెడదాం అని మీటింగులో నెత్తీ నోరూ బాదుకున్నాను. “దానికో వేరే మిషనా? ఎలాగూ కామన్ మెసేజులు పంపుతుంది కదా” అని కొట్టిపారేసింది ఈ పెద్దమనిషే.

“ఎన్నిసార్లు లేపినా లేచినట్టే లేచి పడుతోంది. నువ్వు ల్యాప్‌టాప్ తెరిచి ఒక్కసారి చూడమ్మా. నీకు పది నిమిషాల పని.”

ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంది. ఆస్పత్రికి కూడా మోసుకొచ్చాను, సిగ్గులేకుండా. చెయ్యి అప్పటికే జిప్పు మీద ఉంది.

అంతలో నర్సు వచ్చింది. “తర్వాత మీరేనమ్మా. ఏదైనా అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? నంబరు చెప్పండి.”

గడగడా చెప్పేశాను. ఆవిడ రాసుకోబోయి, కాగితంలో పైన రాసి ఉన్న నా నంబరు చూసి ఆగింది. “అయ్యో, ఇది మీ నంబరే కదండీ!” అని నవ్వింది. నేనూ నవ్వబోయాను, రాలేదు. పాప బడిలో, అత్తయ్య డాక్టరు దగ్గర, కింద వాచ్‌మన్ దగ్గర, ఆఖరికి ఆయన ఆఫీసులో కూడా ఆపద వస్తే చెయ్యమని ఇచ్చిన నంబరు అదే. ఎవరికి ఏమైనా నాకు చెబుతారు. మరి నాకేమైనా అయితే? గడ్డ తగిలిన రోజు కూడా అంత భయం వెయ్యలేదు.

జిప్పు వదిలేశాను.

“సార్, రాసుకోండి. అది లేవగానే ఐదు సర్వర్లూ ఆగిపోయిన పనులన్నీ పట్టుకుని ఒక్కసారే దాని మీద పడుతున్నాయి. ఇంకెక్కడ నిలబడుతుంది? ముందు అడిగేవాళ్ళని ఆపండి. సర్వర్లన్నీ మూసేసి, కామన్ ఒక్కదాన్నే లేపండి. కాస్త ఊపిరి తీసుకోనిచ్చి, అప్పుడు ఒక్కొక్కటే తెరవండి.”

“అన్నీ మూసేస్తే పైవాళ్ళు ఊరుకుంటారా? నువ్వే ఉండి చేసెయ్యమ్మా, అర్జెంటు.”

“నాదీ అర్జెంటే సార్. నా ఒంట్లో గడ్డ ఉంది.”

ఆయన ఏమన్నారో వినకుండా పెట్టేశాను.

నర్సుకి మా ఆయన నంబరు ఫోన్‌లో చూసి చెప్పాను. “ఆయనకి తెలుసా, మీరిక్కడున్నారని?” అంది. తెలుసు అనబోయాను. రాత్రి ఆయన అన్న “ఊఁ” గుర్తొచ్చింది. ఆవిడ ఎదురుగానే ఆయనకి ఫోన్ చేశాను.

“హమ్మయ్య, నేనే చేద్దామనుకుంటున్నా” అన్నారు ఎత్తగానే. ఆయన ఇంట్లోంచే పని చేస్తారు. “ఎక్కడికెళ్ళావు చెప్పకుండా? అమ్మ షుగర్ మాత్రలు ఎక్కడ పెట్టావు? ఇల్లంతా వెతికి చచ్చాం.”

“ఆస్పత్రిలో ఉన్నాను. ముక్క తీస్తారు. రాత్రి చెప్పాను మీకు.” గొంతు వణికింది. వణకనిచ్చాను. “మాత్రలు మీరే వెతికి అత్తయ్యకి ఇవ్వండి. ఇచ్చి ఇక్కడికి రండి. నాకు భయంగా ఉంది. పక్కన ఒక మనిషి కావాలి.”



“నేనా?” అన్నారు.

“మీరే” అన్నాను.