తీగల మ్యాపు

“వదినా, ఆఫీసరు ఏమడిగినా నీకేం తెలీదని చెప్పు, చాలు,” అన్నాడు మా మరిది, నేను టీ వడకడుతుంటే. పాపం, నా మంచికే అన్నాడు. మా ఆయన పోయినప్పటి నుంచీ తిండీ నిద్రా మానేసి నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు. కానీ నీకేం తెలీదన్న మాట ఈ ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో!

మా ఆయన చిన్న విమానంలో పొలాల మీద పురుగుమందు చల్లేవాడు. పైరు మీద మనిషెత్తున ఎగిరే పని. అడ్డంగా ఒక్క కరెంటు తీగ ఉన్నా ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఏ పొలం ఒప్పుకున్నా ముందు నేను వెళ్ళి గట్ల వెంట నడిచి మ్యాపు గీసేదాన్ని. స్తంభాలకు నల్ల చుక్కలు, తీగలకు ఎర్ర గీతలు. పదకొండేళ్ళు! జీతమా పాడా? “మా ఆవిడకి అదో సరదా,” అనేవాడు అందరితో. ఒళ్ళు మండేది. తీరా ఎగిరే ముందు ఆ కాగితం మోకాలి మీద పరుచుకుని, “నువ్వు గీశాక ఇంక నేను చూసేదేముందే,” అని నవ్వితే కోపమంతా ఎటు పోయేదో. మహా మాయగాడు. ఆ నవ్వు కోసం ఇంకో పది పొలాలైనా తిరిగేదాన్ని.

ఆఖరిసారి తిరగలేదు. నిరుటి మ్యాపు చూసి ఇంట్లోనే కొత్తది గీసిచ్చాను. ఈలోగా అక్కడెవరో కొత్త బోరుకి కరెంటు లైను లాగించుకున్నారు. విమానం ఆ తీగకే తగిలింది. ఆయన అక్కడికక్కడే పోయాడు.

ప్రమాదం మీద విచారణకొచ్చిన ఆఫీసరు పెద్దాయన, నెమ్మదస్తుడు. టీ అందుకుని, “పైలట్ అజాగ్రత్త అని రాస్తున్నామమ్మా. కింద సాయానికి ఎవరూ లేరు కదా?” అన్నాడు.

“ఎవరూ లేరండీ,” అన్నాడు మరిది, నాకంటే ముందే.

అజాగ్రత్తా? వీధి తలుపు గడియ వేశాక కూడా రెండుసార్లు లాగి చూసే మనిషి! నా గీత నమ్మి చచ్చిపోయినవాడికి ఈ పేరా? నోరు మూసుకుంటే నేను బయటపడతాను, నిజమే. పదకొండేళ్ళు నేను చేసిన పనే ఎవరికీ కనపడలేదు, ఇక నా తప్పు మాత్రం ఎవరికి కనపడుతుంది? ఏడుపొచ్చింది. వెంటనే కోపమొచ్చింది.

“నేనున్నానండీ,” అన్నాను. “మ్యాపులన్నీ నేనే గీసేదాన్ని. ఆ తీగ నా మ్యాపులో లేదు. ఆయన నన్ను నమ్మారు, అంతే. అజాగ్రత్త అని మాత్రం రాయకండి.”

“వదినా!” అన్నాడు మరిది.

ఆఫీసరు కలం ఆపి నా వైపు చూశాడు. “మరి ఈసారి పొలానికి ఎందుకు వెళ్ళలేదమ్మా?”

“ఆ రోజు ఇంటికి ఎనిమిది మంది చుట్టాలొచ్చారు. ‘వంట వదిలేసి ఇవాళ నీకు పొలాలెందుకే’ అన్నారు ఆయన. వండాను. అది కూడా రాసుకోండి.”