ఒక్క గ్లాసు పట్టే బల్ల

పొద్దున ఏడుంబావుకి ఉదయశ్రీ పాలు వెచ్చబెడుతుంది. నూట ఎనభై మిల్లీలీటర్లు, రోజుకి అయిదుసార్లు. కూతురు రసజ్ఞకి అయిదేళ్ల నాలుగు నెలలు. ఆ పిల్ల నోరు ఒప్పుకున్నది ఈ పాలనే, అదీ పసుపు మూత ఉన్న ఒక్క సీసాతోనే. ఆటిజం ఉందని మూడో ఏట డాక్టర్లు చెప్పారు. మాటలు తక్కువ. ఏదైనా కావాలంటే అమ్మ మణికట్టు పట్టుకుని లాక్కెళుతుంది. సీసా చేతికందగానే కర్టెన్ వెనక్కి వెళ్లి, గోడకేసి తిరిగి తాగుతుంది.

ఆ సీసా పీకలు చేయడం కంపెనీ మానేసింది. ఖాజాగూడ నుంచి మియాపూర్ దాకా ఉదయశ్రీ అడగని మందుల షాపు లేదు. ఇంట్లో మూడు మిగిలాయి. రసజ్ఞ ఒక్కోదాన్ని పదకొండు రోజుల్లో కొరికేస్తుంది. ముప్ఫై మూడు రోజులు. ఆ తర్వాత పిల్ల ఏం తాగాలి? కిందటేడు వేరే పీక పెట్టి చూస్తే రెండు రోజులు చుక్క ముట్టలేదు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు.

భర్త వెంకట్‌ది అమెరికా షిఫ్టు. సాయంత్రం నాలుగున్నరకి క్యాబ్ ఎక్కి తెల్లారి అయిదింటికి దిగుతాడు, మధ్యాహ్నం రెండున్నర దాకా పడుకుంటాడు. ఆయన స్నానం, ఆమె ఆఫీసు కాల్సు తీసేస్తే ఇద్దరికీ కలిసి మిగిలేది నలభై నిమిషాలు. అందులో భోజనం లేదు.

అందుకే భోజనాల బల్ల తగ్గిపోతోంది. ఒక్కరే కూర్చుని తిన్న పూటల్లా అది కాస్త కురచవుతుంది. వాళ్లుండే అపార్ట్‌మెంటు టవర్లో చాలా ఇళ్లలో అంతే. కింది ఫ్లాటు పార్థసారథిగారి బల్ల పీటంతయ్యాక గుమ్మం దగ్గర చెప్పులకి వాడుకుంటున్నారు. వీళ్లది కొన్నప్పుడు ఆరడుగులు. ఇప్పుడు ముప్ఫై ఆరు అంగుళాలు. ఉదయశ్రీ టేపు పెట్టి కొలిచింది. రోజుకి అంగుళం చొప్పున పోతోంది.

"మల్ల తగ్గిందా అమ్మా?" అంది సత్తెమ్మ, తడిగుడ్డతో బల్ల తుడుస్తూ. పాత ఖాజాగూడ నుంచి పనికొస్తుందామె. "నాకైతే మంచిగుంది. తుడుసుడు జల్దీ అయితుంది."

అత్తగారు అమ్మణ్ణి కాకినాడ నుంచి ఫోన్ చేసేది. "పేరు చూస్తే రసజ్ఞ, తాగేది సీసా పాలు! నాలుగు ముద్దలు నోట్లో కుక్కితే అదే మింగుతుందమ్మా. మా పిల్లలు తినలేదూ?"

"సరేనండి అత్తయ్యా," అనేది ఉదయశ్రీ. ఎదురు చెప్పే ఓపిక లేక కాదు. తాను అంతకంటే పెద్ద తప్పే చేసింది. ఒకరోజు పాలల్లో అరచెంచా రాగిజావ కలిపింది. రంగు కూడా పెద్దగా మారలేదు. రసజ్ఞ ఒక్క గుక్క పీల్చి, సీసాని పక్కన పెట్టి, అమ్మ మొహంలోకి సూటిగా చూసింది. అలా చూడటం ఆ పిల్లకి ఏడాదిలో అదొక్కసారే. తర్వాత పది రోజులు సీసా మూత తానే తీసి, వాసన చూస్తేగానీ తాగలేదు.

మూసాపేటలో ఉండే థెరపిస్టు కృష్ణప్రియ అది విని తిట్టలేదు. "దాచి పెట్టకండి. తినమని అడగకండి. ఆ పిల్ల చూస్తుండగా మీరు తినండి, చాలు. ముట్టుకోవడం కూడా తనిష్టమే. పక్కన తనకంటూ ఒక చిన్న గ్లాసు పెట్టి వదిలేయండి."

రసజ్ఞకి తెలుపంటే భయం లేదు. కాబట్టి ఉదయశ్రీ ఇడ్లీ, పెరుగన్నం, ఉప్పు తప్ప ఏమీ వేయని మజ్జిగతో సరిపెట్టుకుంది.

"ఏందమ్మా, బాలింతవా? గీ పత్తెం ఏంది?" అని నవ్వింది సత్తెమ్మ.

కొలిచిన పద్దెనిమిదో రోజుకి బల్ల మీద కంచమూ లాప్‌టాపూ కలిపి పట్టలేదు. లాప్‌టాప్ లోపలికి పోయింది. ఎత్తు కూడా జానెడయింది, కుర్చీ పనికిరాలేదు. ఉదయశ్రీ నేలమీద బాసిపట్టు వేసుకుని, ఏ తెరా చూడకుండా తినడం మొదలుపెట్టింది. అయిదేళ్లలో మొదటిసారి ఆమె తల కూతురి తల ఎత్తుకి వచ్చింది.

రసజ్ఞ కర్టెన్ వెనక నుంచి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏమీ తినలేదు. ఎదుట ఎవరున్నా, తినకపోతే అది ఒంటరి భోజనం కిందే లెక్క. బల్ల తగ్గుతూనే ఉంది. ఉదయశ్రీ రోజూ రెండు గ్లాసులు పెట్టేది. రసజ్ఞ తనదాన్ని ఒక వేలితో అంచుదాకా నెట్టి కింద పడేసేది. రోజూ నెట్టేది. ఉదయశ్రీ రోజూ నేల తుడిచేది. ఇరవై ఆరో రోజు మాత్రం ఒలికిన మజ్జిగలో వేలు ముంచి, వాసన చూసి, గౌనుకి తుడుచుకుంది.

ముప్ఫై ఒకటో రోజు పొద్దున ఆఖరి పీక రెండుగా చిరిగింది. రసజ్ఞ ఆ ముక్కల్ని నోట్లో పెట్టుకుని, తీసి, సీసాకి అతికించబోయి, గంటసేపు ఏడ్చింది. తర్వాత ఏడుపు కూడా మానేసి గోడకేసి పడుకుంది. పదకొండయింది. పన్నెండున్నరయింది. రాత్రి పాలు తప్ప కడుపులో ఏమీ లేదు. ఆసుపత్రి బ్యాగు గుమ్మం దగ్గర సిద్ధంగా పెట్టి, ఉదయశ్రీ మజ్జిగ చేసుకుంది.

బల్ల అయిదంగుళాలుంది. రెండో గ్లాసు పెట్టబోతే పట్టలేదు. ఎటు తిప్పినా పట్టలేదు. దాన్ని వంటింట్లో వదిలి, తన గ్లాసొక్కటే మధ్యలో పెట్టి కూర్చుంది. ఒక గుక్క తాగింది. చూపు గుమ్మం దగ్గరి బ్యాగు మీదికి పోయింది. అయినా ఇంకో గుక్క తాగింది.

రసజ్ఞ వచ్చింది. నెట్టడానికి తన గ్లాసు కోసం వెతికింది. బల్లకి అటూ ఇటూ తడిమింది. లేదు. ఉన్నది అమ్మది, అమ్మ తాగుతున్నది. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత గ్లాసు పట్టుకున్న అమ్మ మణికట్టుని పట్టుకుంది.

ఉదయశ్రీ చేతిని వదులు చేసింది. "తాగమ్మా" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

గ్లాసు మెల్లగా అటు వంగింది. రసజ్ఞ ముందు అంచుని నాకింది. స్టీలు చల్లదనానికి భుజాలు ముడుచుకుంది. పళ్లు గ్లాసుకి టక్కుమని తగిలాయి. కాసిని మజ్జిగ గౌను మీద, కాసిని గడ్డం మీద, ఒక గుక్క గొంతులోకి.

గ్లాసు వెనక్కి తోసింది. అమ్మ వంతు అన్నట్టు చూసింది. ఉదయశ్రీ తాగింది. మళ్లీ మణికట్టు మీద ఆ వేళ్లు.

నిద్ర మధ్యలో లేచి వచ్చిన వెంకట్ గదిగుమ్మంలో ఆగిపోయాడు. ఆయన నోరు తెరవబోతే ఉదయశ్రీ మాట్లాడొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ బల్ల దగ్గర ఆయనకి చోటు లేదు. ఉన్నచోటే, గోడకి వీపు ఆనించి, చప్పుడు కాకుండా నేలమీద కూర్చున్నాడు.