ఎదురు శుక్రుడు

కారేపల్లిలో బస్సులు ఆగే చోట రజాక్‌ది కళాయి దుకాణం. దుకాణమంటే ఒక రేకుల పంచ, నేలలో తవ్విన పొయ్యి, చేత్తో తిప్పే బ్లోయరు, కూర్చోడానికి గోనెపట్టా. ఇళ్లల్లోకి స్టీలు వచ్చాక ఇత్తడి గిన్నెలు అటకెక్కాయి. ఇప్పుడు ఆయన దగ్గరికి వచ్చేవి పెళ్లిళ్ల బిర్యానీ గుండిగలు, ఆకాశంలో నల్లబడిన గ్రహాలు, అంతే.

బుధుడు చెంబంత ఉంటాడు, రెండు నెలలకోసారి వచ్చిపోతాడు. గురుడు ఏడాది దాటితే గానీ రాడు, వస్తే మాత్రం వారం రోజులు ఇంకో పని సాగనివ్వడు. కుజుడిని ఎంత తోమినా ఎరుపు పోదు. శని కడియంతో సహా వస్తాడు. ఈ ఏడు ఆ కడియం పక్కకు తిరిగి ఉండటంతో, ఎంత పూసినా మసకగానే పోయాడు. ఏ గ్రహమైనా ఆకాశంలో కనపడటం లేదంటే రజాక్ దుకాణంలో ఉందని అందరికీ తెలుసు. ముహూర్తాలు పెట్టే పంతుళ్లు పంచాంగం చూశాక ఆయనకు కూడా ఒక ఫోన్ కొడతారు.

గ్రహాలకు సొంత వెలుగు లేదని రజాక్ చెబుతాడు. వెలుగంతా సూర్యుడిదే. ఏ పక్క సూర్యుడికి తిరిగి ఉంటే ఆ పక్కే మెరుస్తుంది. మనకు దగ్గరికొస్తే ఎక్కువ, దూరం పోతే తక్కువ. కళాయి ఎంత బాగా పూసినా ఆ తిరగడమూ ఆ దూరమూ తన చేతిలో లేవు, అయినా మసకైతే జనం తననే తిడతారని ఆయన బాధ.

మొన్న మార్చిలో శుక్రుడు వచ్చాడు. చలికాలమంతా పొద్దుగూకాక పడమట వెలిగినవాడు నల్లగా మారి దిగాడు. ఎనిమిది రోజుల పని. ఈసారి లేచేది తూర్పున, తెల్లవారుజామున.

ఆ తూర్పు అంటేనే సీతారావమ్మకు భయం. వాళ్లది మామగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి మిరప వేసుకుంటున్న కుటుంబం. కూతురు సాయిప్రియ పురిటికి వచ్చి ఉంది. పుట్టింది ఆడపిల్ల, ఇరవై అయిదు రోజులది. అల్లుడి ఊరు భద్రాచలం, కారేపల్లికి తూర్పున. శుక్రుడు అటు లేచాడంటే పగలు కనపడకపోయినా ఎదురుగానే ఉన్నట్టు లెక్క. చంటిబిడ్డ తల్లి ఎదురు శుక్రుడిలో మొగుడింటికి పోతే మొగుడికో బిడ్డకో చేటంటారు. సీతారావమ్మకు అది వినికిడి మాట కాదు. ముప్పై ఏళ్ల కింద పట్టించుకోకుండా బయల్దేరితే, తొలిచూలు బిడ్డ బస్సులోనే జ్వరంతో పోయింది.

అల్లుడు మురళీకృష్ణ మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కామెర్లొచ్చాయని, పత్యంలో ఉన్నాడని అత్తింటివాళ్లు సాయిప్రియకు చెబుతూ వచ్చారు. వీడియో కాల్‌లో పచ్చగా కనపడుతున్నావేమంటే, బల్బు వెలుగులే అని నవ్వాడు. శుక్రుడి పని ముగిసే ఎనిమిదో రోజు సాయంత్రం మరిది ఫోన్ చేసి ఇక దాచలేదు. కాలేయం పూర్తిగా చెడిపోయింది, డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు, మాట ఉండగానే బిడ్డను తెచ్చి చూపించమన్నాడు. ఆఖరి బస్సు పోయింది. కారు మాట్లాడదామంటే, పొద్దుగూకాక చంటిపిల్లను గడప దాటించేది లేదని సీతారావమ్మ వాకిలికి అడ్డం కూర్చుంది. పొద్దున మొదటి బస్సు వచ్చేసరికి శుక్రుడు లేచి ఉంటాడు.

సాయిప్రియ బిడ్డను తల్లి ఒళ్లో పెట్టి దుకాణానికి వచ్చింది. పని ముగిసిన శుక్రుడు గోనెపట్టా మీద ఉన్నాడు. పంచలో బల్బు వేయకుండానే పట్టపగల్లా ఉంది.

"చాచా, రేపొక్క రోజు ఆయన్ని లేవనీయకు" అంది.

మెరిసిన గ్రహం తెల్లవారితే తనే లేస్తుంది, పట్టుకుంటే ఆగదు. ఆగాలంటే కళాయి చెడగొట్టాలి. రజాక్ తండ్రి గానీ తాత గానీ చేసిన పని కాదది. మళ్లీ పూయాలంటే కళాయి అంటడానికి చల్లే నవసాగరం పొగ మళ్లీ పీల్చాలి, అది మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని దవాఖానాలో డాక్టరు ఆ వారమే చెప్పాడు.

"ఈ ఎదురు అనేది నువ్వు నమ్ముతవా బిడ్డా?" అని అడిగాడు రజాక్.

"నమ్మకున్నా భయమైతది చాచా. బిడ్డనెత్తుకొని పోవాలె గదా."

రజాక్ నిప్పులు రాజేసి శుక్రుణ్ణి బోర్లించాడు. తగరం కరిగి బొట్లుబొట్లుగా బూడిదలో పడింది. పంచ చీకటైంది.

"ఇంటికి పో. జల్దీ పండుకో" అన్నాడు.

పొద్దున సీతారావమ్మ వాకిట్లో నిలబడి తూర్పంతా వెతికింది. ఏమీ కనపడక, బిడ్డను కూతురి చేతుల్లో పెట్టింది.

భద్రాచలంలో మురళీకృష్ణ మంచంలోనే ఉన్నాడు. బిడ్డను రొమ్ము మీద పడుకోబెట్టుకున్నాడు. అది వేలు పట్టుకుంటే, దీని పట్టు చూస్తే నా దుకాణం ఇదే నడిపేట్టుందన్నాడు. నాలుగు రోజులు బతికాడు. ఆ నాలుగు రోజులూ సాయిప్రియ ఆయన పక్కనుంచి లేవలేదు. శుక్రుడూ లేవలేదు. పంచాంగం తప్పిందని పంతుళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. దగ్గు తెరలుగా వస్తోంది, బ్లోయరు తిప్పలేకపోతున్నానని రజాక్ చెప్పాడు. దగ్గు నిజమే. కానీ మురళీకృష్ణ పోయిన కబురు కారేపల్లికి చేరాకే ఆయన పొయ్యి ముట్టించాడని ఎదురుగా టీ కొట్టు నడిపే ముత్తక్క అంటుంది.

కర్మలయ్యాక సాయిప్రియ పుట్టింటికి వచ్చింది. ఏప్రిల్ చివర్లో, వైండింగ్ దుకాణం ఖాళీ చేసి తాళాలు ఇవ్వమని ఇంటి ఓనరు కబురు పెట్టాడు. అప్పటికి శుక్రుడు ఎన్నడూ లేనంతగా మెరుస్తున్నాడు. రెండుసార్లు కాల్చి పూసినందుకని జనం అన్నారు. అదేం కాదు, దగ్గర్లో ఉన్నాడు, అంతేనన్నాడు రజాక్.

మొదటి బస్సుకు తల్లీకూతుళ్లు చీకటితోనే వచ్చి నిలబడ్డారు. బస్సు రాగానే సాయిప్రియ బిడ్డ కోసం చేతులు చాపింది. సీతారావమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"దీన్ని పంపను. అదుగో, ఎదురుగా ఉన్నాడు."

"మరి నేను?"

సీతారావమ్మ కూతురి నుదుటి వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"నీకిక ఆ పట్టింపు లేదమ్మా" అంది.

బిడ్డను గట్టిగా అదుముకుని, పైట కప్పి, గబగబా ఇంటిదారి పట్టింది.

బస్సు ఊరు దాటి తూర్పుకు తిరిగింది. ముందు అద్దమంతా శుక్రుడే. వెలుగుకు తాళలేక డ్రైవరు పరదా దించుకున్నాడు. కండక్టరు ఆధార్ కార్డు చూసి, ఎందరని అడిగాడు.

"ఒక్కదాన్నే" అంది సాయిప్రియ. ముందు సీటులో కూర్చుని, ఇల్లందు వచ్చేదాకా రెప్ప వాల్చకుండా ఆ శుక్రుణ్ణే చూసింది.