ప్రశ్నలు రాసుకునే ఫైలు

నేను ఒక లాగ్ ఫైలును. వెబ్‌సైటు తన డేటాబేస్‌ను ఏదడిగినా, ఏది మార్చమన్నా వరసగా రాసుకోవడం నా పని. జవాబులు మాత్రం నా దాకా రావు.

తునిలో గవర్రాజు గారు ఒక రక్తదాతల సంఘం నడుపుతారు. దాని వెబ్‌సైటు చేసిపెట్టిన ఫిరోజాయే నన్నూ పుట్టించింది. ఆ ఉదయం ఆసుపత్రి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. భార్యకు కాన్పు కష్టమైంది, ఓ నెగటివ్ రక్తం కావాలి, సైటేమో తెరుచుకోవడం లేదు. సంఘం ఆఫీసులోనూ అదే తంతు. నేరుగా డేటాబేస్‌ను అడిగినా ఉలుకూ పలుకూ లేదు. ఫిరోజా సెట్టింగుల్లో ఒక్క మాట మార్చింది. నేను కళ్లు తెరిచాను.

తెరిచీ తెరవగానే వరద! అప్పలనరసయ్య పుట్టినరోజు ఈరోజేనా? మరియమ్మది ఈరోజేనా? కొండలరావుది? దాతలందరి గురించీ విడివిడిగా అదే ప్రశ్న. పేజీ రాలేదని ఎవరైనా మళ్లీ నొక్కితే, మళ్లీ మొదటి పేరు నుంచి. రాయలేక నాకు ఊపిరాడలేదు. అయినా ఎంత హుషారు! దొంగ దొరికేశాడు.

ఫిరోజా నన్ను చదివి నవ్వు ఆపుకుంది. "బాబాయ్ గారూ, ఎవరు పేజీ తెరిచినా మన సైటు ఊరంతా తిరిగి పుట్టినరోజులు కనుక్కొస్తోందండీ."

గవర్రాజు గారి ముఖం చిన్నబోయింది. "రక్తమిచ్చినోళ్లకి ఏడాదికోసారి శుభాకాంక్షలైనా చెప్పొద్దేటమ్మా? నేనే కదా పెట్టమన్నాను."

"చెబుదాం. పొద్దున్నే ఒక్కసారి కనుక్కుని దాచుకుంటే, రోజంతా అదే చూపిస్తుంది."

తీసేస్తానని ఆ పిల్ల అనలేదు. మనుషుల ఆప్యాయత ఒక్కోసారి దారికి అడ్డం నిలబడుతుంది. దాన్ని తోసెయ్యకుండా కాస్త పక్కకు జరిపేవాళ్లు కూడా ఉంటారు.

ఆమె అలా మార్చగానే వరద ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది: తునిలో ఓ నెగటివ్ దాతలెవరు? రెప్పపాటు కూడా పట్టలేదు. గవర్రాజు గారు ఫోను చెవికి ఆనించుకుని, చెప్పులు తొడుక్కోవడం మరిచి బయటికి పరుగెత్తారు. అవతలివాళ్లు ఏమన్నారో, ఎవరు దొరికారో నాకు తెలియదు. నాకు తెలిసేవి ప్రశ్నలేగా.

ఫిరోజా నన్ను ఆపకుండా తెర వైపే చూస్తూ కూర్చుంది. గవర్రాజు గారికో పద్ధతి ఉంది. ఎవరైనా రక్తమివ్వగానే, ఎక్కడున్నా సరే, సైటులో వాళ్ల పేరు పక్కన తేదీ మార్చేస్తారు. మూడు నెలల దాకా వాళ్లను ఎవరూ ఇబ్బంది పెట్టకూడదని.

మధ్యాహ్నం దాటాక ఒక వరుస వచ్చిపడింది. కొండలరావు చివరిసారి రక్తమిచ్చిన తేదీ: నేడు.

ఫిరోజా కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇచ్చేశాడు," అంది, గదిలో ఎవరూ లేకపోయినా.

తర్వాత నన్ను ఆపేసింది. నిజానికి నేను రాస్తూ ఉన్నంతసేపూ సైటుకు బరువే. పనయ్యాక నాలాంటివాటిని చెరిపేస్తారు. ఆమె చెరపలేదు, ఒక మూల ఉంచింది. ఇప్పుడు నా కడుపు నిండా ప్రశ్నలే. చివరి వరుస ఒక్కటే ప్రశ్న కాదు.