బ్లెండర్ ముక్కు

జలుబు తగ్గి వారమైనా, విస్కీలు కలిపే బ్లెండర్‌కు ఏ వాసనా తెలియడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. విస్కీ కార్ఖానాలో ఏ పీపా బాగుందో, ఏది చెడిందో ముక్కుతో తేల్చడమే అతని ఉద్యోగం. ఆ మధ్యాహ్నమే కొత్త పీపాలు చూసి పెద్ద తొట్టిలోకి పంపాలి. ఒక్కటి చెడ్డది కలిసినా తొట్టి మొత్తం పారబోయాల్సిందే.

భోజనానికి ఇంటికొచ్చి, వంటింట్లో పేపరు చదువుతూ కూర్చున్నాడు. భార్య పరుగున వచ్చి స్టవ్ ఆపింది. పుట్టగొడుగుల్లో ఆమె పోసిన విస్కీ ఇగిరిపోయి గిన్నె నల్లగా మాడింది.

"పక్కనే కూర్చున్నావు, ఇంత మాడు వాసన తెలియలేదా?"

అతను తల దించుకున్నాడు. ఆమెకు అర్థమైంది.

"మరి పీపాల సంగతేంటి?"

"రంగు చూసి నెట్టుకొస్తాలే. బయటపడితే ఉద్యోగం ఊడుతుంది."

"తొట్టి పాడైతే ఉంచుతారా? మా తమ్ముడు నీ దగ్గరే పని నేర్చుకున్నాడుగా, వాడికి చూపించు."

కార్ఖానాలో మొదటి పీపాలోంచి తీసిన గ్లాసు బావమరిదికే అందించాడు. మూడో పీపా దగ్గర వాడు మొహం చిట్లించాడు.

"బూజు కంపు, బావా."

రంగు మాత్రం మేలిమి బంగారంలా ఉంది. బ్లెండర్ ఆ పీపా మీద సుద్దతో అడ్డంగా గీత గీశాడు.

"నాకు వాసన పోయిందిరా."

"తెలుసు. మొన్న ఈ గదిలోకి సెంటు కొట్టుకొస్తే నువ్వు నన్ను గెంటెయ్యలేదు. అప్పుడే అనుమానమొచ్చింది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే అక్క నన్ను బతకనిస్తుందా?"

బ్లెండర్ వాడికి నాలుగో గ్లాసు ఇచ్చి, మేనేజరుకు తనే చెప్పడానికి బయలుదేరాడు.