మొక్కుల్లో లేని మాట

లిఫ్టులు బాగుచేసే మేస్త్రీకి పీకలమీదికి వచ్చినప్పుడే దేవుడు గుర్తొచ్చేవాడు. మిగతా రోజుల్లో ఎవరి పని వాళ్లదే.

ఒకరోజు అతని బావమరిది లిఫ్టు గుంతలోకి దిగి పట్టాలకు గ్రీజు పూస్తున్నాడు. పైనున్న మేస్త్రీ ఫోనులో ఎవరితోనో నవ్వుతూ, కిందికి కేక వెయ్యకుండానే స్విచ్చి వేశాడు. లిఫ్టు కదిలింది. కిందినుంచి వచ్చిన అరుపుకు ఫోను చేతిలోంచి జారిపోయింది.

ఆస్పత్రి వరండాలో గోడకు తల ఆనించి ఏడ్చాడు. "స్వామీ, వీణ్ణి బతికించు. తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుంటాను."

బావమరిది బతికాడు. కుడికాలు మాత్రం అవిటిదైంది. యజమాని వచ్చి ఏం జరిగిందని అడిగేసరికి మేస్త్రీ నోట వేరే మాట వచ్చింది.

"నేను కేక వేశానండీ. వాడే వినిపించుకోలేదు."

ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే అయింది. పని పోయిన బావమరిది గొడుగులూ సంచుల జిప్పులూ బాగుచేసుకుంటూ బతికాడు. బావను మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

కొన్నేళ్లకు మేస్త్రీ కూతురికి జ్వరం మెదడుకెక్కింది. మళ్లీ అదే వరండా. సిగరెట్లు మానేస్తానన్నాడు, చెప్పులు తొడగనన్నాడు, మాంసం ముట్టనన్నాడు. ఆపదమొక్కులకు అంతూపొంతూ లేదు. ఆ ఒక్క మాట మాత్రం పెదవిదాకా వచ్చి వెనక్కి పోయేది. దాని బదులు ఇంకో మొక్కు మొక్కేవాడు.

బావమరిది కుంటుకుంటూ వచ్చి, ఫ్లాస్కులోంచి టీ వంచి ఇచ్చాడు. "ఇంతగా ఏం మొక్కుతున్నావు బావా?"

"ఏదడిగితే అది ఇస్తానన్నానురా."

"మరి ఆయన ఏమడిగాడో విన్నావా?"

మేస్త్రీ తలెత్తకుండా టీ తాగాడు.

పిల్ల కోలుకుంది. సిగరెట్లు నిజంగానే మానేశాడు. ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు కూడా. ఒప్పుకోవాల్సిన మాట మాత్రం రేపు, ఎల్లుండి అంటూ జరిగిపోయింది.

ఒక తెల్లవారుజామున బావమరిది గుండె ఆగి పోయాడు.

అన్నీ ముగిశాక మేస్త్రీ యజమాని దగ్గరికి వెళ్లాడు. "ఆరోజు నేను కేక వెయ్యలేదండీ."

"పోయినవాడి సంగతి ఇప్పుడెందుకయ్యా?" అని ఆయన ఫోను అందుకున్నాడు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆపలేదు.

"తెలుసు. దెబ్బ తగిలినప్పుడు ఆస్పత్రిలోనే తమ్ముడు చెప్పాడు. 'బావే చెప్తాడులే అక్కా, నువ్వు అడక్కు' అన్నాడు."

ఆమె ఇంకో చొక్కా అందుకుంది.

"మీరు వాడింటికి వెళ్లినప్పుడల్లా, ఇవాళ చెప్తారేమోనని తన కుర్చీ మీ దగ్గరికి లాక్కునేవాడట. మీరేమో ఎండ గురించీ వాన గురించీ మాట్లాడి వచ్చేసేవారు."

ఆ కుర్చీ చప్పుడు మేస్త్రీకి గుర్తుంది. పాపం, కాలు చాపుకోవడానికి చోటు చాలడం లేదేమో అనుకుని, ప్రతిసారీ తనే కాస్త వెనక్కి జరిగేవాడు.